మావటి నోరు విప్పితే

ప్రబంధమన్న తరువాత పద్దెనిమిది వర్ణనలు ఉండి తీరాలని మన పెద్దలు ఒక నియమం పెట్టారు. పురం, సముద్రం, పర్వతం, ఋతువులు, సూర్యోదయం, చంద్రోదయం, ఉద్యానవనం, జలక్రీడ—ఇలా లెక్క పెట్టుకుంటూ పోవాలి. తెలుగులో ఎమ్మే చదివి, కాలేజీలో పాఠాలు చెప్పి పొట్టపోసుకునే నా బోటివాడికి ఈ పద్దెనిమిదీ ఎక్కాల మాదిరి నోటికి వచ్చి ఉంటాయి. ఏటేటా కొత్త పిల్లలకు చెబుతాను. వాళ్లు ఏటేటా పరీక్షలో రాస్తారు. నేను ఏటేటా మార్కులు వేస్తాను. పందొమ్మిదేళ్లుగా ఈ వ్యాపారం నిరాటంకంగా సాగిపోతూ వచ్చింది.

కిందటి చలికాలంలో ఒక విద్యార్థి దీనికి గండి కొట్టాడు. మాస్టారికి వర్ణించడం రాదని తేల్చిపారేశాడు. ఆ మాట అతను పైకి అనలేదు లెండి, మర్యాద తెలిసినవాడు. 'సార్, సార్' అంటూనే, నా అంతట నేనే అనుకునేటట్లు చేశాడు.

అతని పేరు చెప్పను. పత్రికలో పేరు పడడం అతనికి ఇష్టం ఉండదు. మా మెదక్‌కు దగ్గరలోని పల్లెవాడు. డిగ్రీ రెండో సంవత్సరం. పుట్టుకతోనే చూపు లేదు. ముందు బల్ల మీద కూర్చుంటాడు. పాఠ్యపుస్తకాలను సెల్‌ఫోను చదివి పెడుతుంది. అది చదివే వేగం నాబోటివాడికి ఒక్క ముక్క అంతుపట్టదు గాని, అతను చక్కగా విని, మరునాడు నన్నే ప్రశ్నలు వేస్తాడు.

ఆ రోజుల్లో మా తెలుగు శాఖ వాళ్లం ముప్ఫై మంది పిల్లలను వెంటబెట్టుకొని హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూసి రావాలని తలపెట్టాం. ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు గనుక శనివారం ప్రయాణం పెట్టుకున్నాం. వస్తామన్నవాళ్ల జాబితాలో ఇతని పేరు కూడా ఉంది. "అక్కడ వాడికేముందండీ?" అన్నారు సాటి ఉపన్యాసకులొకరు. "పోనివ్వండి, పాపం! సరదాగా వస్తాడు" అన్నాను నేను. ఆ క్షణాన నా విశాలహృదయానికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు ఆ 'పాపం' అన్న మాట జ్ఞాపకం వస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మ్యూజియం సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి పెటాకులు లేకుండా, ఆస్తినంతా పెట్టి ప్రపంచం నలుమూలల నుంచీ వస్తువులు పోగుచేశాడు. 1949లో ఆయన పోయాడు. 1951 డిసెంబరు 16న ఆయన నివసించిన దివాన్ దేవిడీలోనే నెహ్రూగారు మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. ఇదంతా నేను బస్సులోనే పిల్లలకు చెప్పాను. తారీఖులు చెప్పడంలో నన్ను మించినవాడు లేడు.

తిరిగి తిరిగి ఒక పాలరాతి విగ్రహం ముందుకు చేరాం. పిల్లలంతా ఒక్కసారిగా "అబ్బ!" అన్నారు. ఆ 'అబ్బ' విని అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏమున్నది సార్ అక్కడ?"

"విగ్రహం, నాయనా. పాలరాతి విగ్రహం."

"ఎట్లున్నది సార్?"

"చాలా అందంగా ఉంది."

"అంటే ఎట్ల సార్?"

"అంటే... మహాద్భుతంగా ఉంది. జీవకళ ఉట్టిపడుతోంది. శిల్పి చేతిలో రాయి వెన్నపూస అయిపోయిందనుకో!"

అతను కాసేపు ఊరుకున్నాడు. తరువాత మెల్లగా అడిగాడు: "ఆడమనిషా సార్, మొగమనిషా?"

చూశారా! జీవకళ చెప్పాను, వెన్నపూస చెప్పాను, మహాద్భుతం చెప్పాను. ఎదుట నిలబడ్డది ఆడో మగో చెప్పలేదు. "ఆడమనిషే, ముసుగు వేసుకుంది" అని ఏదో గొణిగి ముందుకు నడిపించాను.

పన్నెండు కావస్తున్నదని అందరం గడియారం దగ్గరికి పరుగెత్తాం. కుక్ అండ్ కెల్వీ వారి ఆ సంగీత గడియారాన్ని చూడడానికి గంట గంటకూ జనం మూగుతారు. తలలన్నీ పైకెత్తి అందరూ గప్‌చిప్‌గా నిలబడ్డారు. గంట మోగింది. పన్నెండు దెబ్బలు. అతను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. ఆ పన్నెండు దెబ్బల సేపూ అక్కడున్న మేమందరం సమానులం. ఆ తరువాత జనం నవ్వుకుంటూ చెదిరిపోయారు.

"కొట్టింది ఎవరు సార్? అందరు ఎందుకు నవ్విన్రు?"

"బొమ్మ కొట్టింది."

"ఎంత బొమ్మ సార్?"

"చిన్నది."

"చిన్నదంటే?"

నేను తడబడుతుండగా వెనక నుంచి ఒక అమ్మాయి అందుకుంది. "గడియారం నా కంటె ఎత్తున్నది రా. దాని పైభాగంల చిన్న తలుపున్నది. గంట కొట్టే ముందు ఆ తలుపుల కెల్లి చిన్న మనిషి బయటికొస్తడు, పిల్లలు ఆడుకునే బొమ్మ లెక్క. టకటక గంట కొడతడు. కొట్టి మళ్ల లోపలికి పోతడు. ఇంకొక దిక్కు కమ్మరి ఉన్నడు. ఆయన సుత్తె ఎత్తుడు, దించుడు, ఎత్తుడు, దించుడు. ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క సెకను. ఆయనకు సెలవే లేదు."

అతను నవ్వాడు. ఆ రోజు మొదటిసారి నవ్వాడు. ఆ అమ్మాయికి నా పేపరులో వచ్చిన మార్కులు నలభై రెండు. ప్రబంధ వర్ణనల ప్రశ్న ఆమె వదిలేసింది కూడాను.

తిరుగు ప్రయాణంలో బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. నర్సాపూరు అడవి దాటుతుండగా నేనే కదిలించాను: "ఏమయ్యా, ఎట్లా ఉంది మ్యూజియం?"

"మంచిగున్నది సార్." కాస్త ఆగాడు. "ఆ ముసుగామె దగ్గర మీరు చాన సంతోషపడ్డరు సార్. మీ సంతోషం నాకు సమజైంది. బొమ్మే సమజు కాలేదు."

పాఠకులారా, నా పందొమ్మిదేళ్ల సర్వీసులో నాకింత సూటి విమర్శ ఎవరూ రాయలేదు. నేను అతనికి చూపించింది విగ్రహం కాదు, నన్ను.

ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. ఈ విషయం మీద లోకంలో ఎవరైనా ఆలోచించారా అని వెతికితే, ఇది పెద్ద శాస్త్రమే అని తేలింది. ఆడియో డిస్క్రిప్షన్ అంటారు. కంటికి కనిపించేదాన్ని చెవికి వినిపించేటట్లు మాటల్లో పెట్టడం. మనం మాటబొమ్మ అనుకుందాం. అమెరికాలో మార్గరెట్ రాక్‌వెల్ అనే ఆమెకు చూపు పోయింది. ఆమె 1974లో వాషింగ్టన్‌లో, చూపులేనివారికి రేడియో మీద పత్రికలు చదివి వినిపించే సంస్థ పెట్టింది. 1981లో అక్కడి అరీనా స్టేజి నాటకశాల వారికి ఒక చిక్కు వచ్చింది: చూపులేని ప్రేక్షకుడికి మాటలు వినపడతాయి గాని, మాటల మధ్య రంగస్థలం మీద జరిగేది ఎలా తెలుస్తుంది? ఆమె, తరువాత ఆమెకు భర్త అయిన కోడీ ఫాన్‌స్టీల్, దానికి ఉపాయం చూశారు. పాత్రలు మాట్లాడని సందులలో, ఎవరు వచ్చారు, ఏం పట్టుకున్నారు, ఎటు నడిచారు అన్నది చెవికి తగిలించుకున్న పరికరంలో మెల్లగా చెప్పించారు. అక్కడినుంచి ఆ పద్ధతి సినిమాకూ, టెలివిజనుకూ, మ్యూజియాలకూ పాకింది.

మ్యూజియాలలో చెవికి తగిలించుకునే యంత్రాలు మనకు కొత్త కాదు గదా అనవచ్చు. నిజమే. కాని వాటిలో సాధారణంగా వినిపించేది వస్తువు చరిత్ర. ఈ విగ్రహాన్ని చెక్కినవాడు ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని, 1876లో మొదటి సాలార్‌జంగ్ ఇటలీలో కొన్నాడు, బైబిలులో ఇస్సాకును పెళ్లాడబోయే రిబ్కా ఈమె—ఇది చరిత్ర. కళ్లున్నవాడు బొమ్మ చూస్తూ ఇది వింటాడు గనుక అతనికి చాలు. చూపులేనివాడికి ఇది బొమ్మ లేని చట్రం. ముందు బొమ్మ కావాలి, తరువాత చరిత్ర.

మరి బొమ్మను ఎలా కట్టాలి? తెలుసుకున్న కొద్దీ నాకు సిగ్గు వేసింది. సూత్రాలన్నీ ఇంట్లో ఎవరికైనా తట్టే సంగతులే. మొదట మొత్తం చెప్పి తరువాత భాగాలకు రావాలి. ఎంత పెద్దదో మనిషి ఒంటితో కొలిచి చెప్పాలి: మోకాటి ఎత్తు, బారెడు, పిడికెడంత. ఎక్కడ ఉన్నదో చెప్పాలి: మీకు కుడి పక్కన, మీ తల కంటె పైన. దేనితో చేసిందో చెప్పాలి. పై నుంచి కిందికో, ఎడమ నుంచి కుడికో ఒక వరుస పట్టాలి, కోతిలా గెంతకూడదు. 'అందంగా, అద్భుతంగా' అన్న తీర్పులు ఇవ్వకూడదు. ఉన్నది చెబితే అందమో కాదో వినేవాడే తేల్చుకుంటాడు. అన్నిటికంటె ముఖ్యం, ఎప్పుడు ఆపాలో తెలియాలి.

అలా కూర్చుని ఆ విగ్రహాన్ని మళ్లీ రాశాను. వినండి: "మీ ఎదుట ఒక యువతి నిలబడి ఉంది. దాదాపు మనిషి ఎత్తు. ఒళ్లంతా తెల్లని పాలరాయి. తల కొంచెం వంచింది. తల మీది నుంచి ముఖం మీదుగా పలచని మేలిముసుగు జారింది. ముసుగు కూడా రాయే. చెయ్యి పెడితే చల్లగా, గట్టిగా తగులుతుంది. కాని కంటికి గుడ్డలాగే ఉంటుంది. ఒక తడి చేతిరుమాలు మీ ముఖం మీద పరచుకొని వేళ్లతో తడిమి చూడండి. గుడ్డ కింద ముక్కూ, పెదవులూ, కనురెప్పలూ ఎలా తెలుస్తాయో, ఆ ముసుగు కింద ఆమె ముఖం చూసేవాళ్లకు అలా తెలుస్తుంది."

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నా మొదటి ప్రతి దానికి వినిపించాను. అందులో 'శ్వేతశిలావిగ్రహం', 'అవనతవదన' అని ఉన్నాయి. "నాన్నా, ఆమె ముఖం మీద ఒక ముసుగు ఉంది, నువ్వు ఇంకొకటి వేస్తున్నావు" అన్నది. కొట్టేశాను. ఇప్పుడు మీరు చదివింది దాని కత్తెర పడిన తరువాతిది.

మరునాడు అతనికి చదివి వినిపించాను. జేబు రుమాలు తీసి, కొళాయి కింద తడిపి, ముఖం మీద పరచుకొని, వేళ్లతో మెల్లగా తడుముకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. "రాతితోని ఇట్ల చేసిండా సార్!" అన్నాడు. ఆ వరండాలో వినిపించిన 'అబ్బ' ఆ రోజు మ్యూజియంలో ముప్ఫై మంది అన్నదానికి ఏమీ తీసిపోదు.

నాకొక సందేహం ఉండేది: పుట్టుకతో చూపులేనివారికి రంగు చెప్పి ప్రయోజనమేమిటని. అడిగేశాను. "చెప్పాలె సార్" అన్నాడు. "మా అమ్మ చీర కొంటే ముందుగాల రంగే చెప్తది. ఎరుపంటే పెండ్లి, తెలుపంటే ఏందో నాకెరికనే. మీరు చెప్పకుంటే దాచిపెట్టినట్టుంటది."

గుడ్డివాళ్లు ఏనుగును తడిమిన కథ మనందరికీ తెలుసు. తోక పట్టుకున్నవాడు తాడన్నాడు, కాలు పట్టుకున్నవాడు స్తంభమన్నాడు, చెవి పట్టుకున్నవాడు చేట అన్నాడు. అంధగజ న్యాయమని దీన్ని నేను కూడా పాఠంలో చెప్పి పిల్లలను నవ్వించినవాణ్ణే. ఇప్పుడు ఆ కథ మళ్లీ తలచుకుంటే ఒక మనిషి కనిపిస్తున్నాడు. అంతటి ఏనుగు ఒంటరిగా వచ్చి నిలబడదు గదా? పక్కన మావటి ఉండే ఉంటాడు. వాడికి కళ్లున్నాయి. "అయ్యా, మీరు పట్టుకున్నది తోక. ఏనుగు మీ ఇంటి చూరంత ఎత్తు ఉంటుంది. ఇలా ముందుకు రండి, తొండం ఇక్కడ ఉంది" అని రెండు మాటలు చెబితే కథే లేదు. వాడు నోరు విప్పలేదు. వేల సంవత్సరాలుగా మనం తడిమినవాళ్లను చూసి నవ్వుతున్నాం గాని మావటిని ఒక్క మాట అనలేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ మావటిని నేనే.

తడమడం తప్పనీ నా ఉద్దేశం కాదు. చెయ్యి చెప్పేది చెయ్యి చెబుతుంది. దానికి మాట తోడు కావాలి. అసలు వస్తువులను తాకనివ్వకపోవడానికి కారణం ఉన్నది. చేతి చెమట, జిడ్డు లోహాన్నీ రాతినీ కూడా తినేస్తాయి. అందుకని తాకడానికి ప్రతిరూపాలు చేయించి పెడతారు. ఢిల్లీలోని నేషనల్ మ్యూజియంలో 2015 డిసెంబరులో 'అనుభవ్' అనే గది ఇందుకోసమే తెరిచారు. అక్కడి వస్తువుల ప్రతిరూపాలు 22 చేయించి, పక్కన బ్రెయిలీ అక్షరాలలో వివరం పెట్టి, వినడానికి వర్ణన కూడా ఏర్పాటు చేశారు. 'తాకరాదు' అన్న బోర్డులు చూసి చూసి ఉన్న మనకు 'తాకండి' అనే గది ఒకటి ఉన్నదంటేనే చెవులకు ఇంపుగా ఉంటుంది.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కూడా కాదు. వికలాంగుల హక్కులకు 2016లో పార్లమెంటు చేసిన చట్టం, కళలను అందరికీ అందుబాటులోకి తేవాలన్నది. టెలివిజను మొదలైన మాధ్యమాలలో ఈ మాటబొమ్మ ఉండాలని పేరుపెట్టి చెప్పింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. వయసు మీద పడి చూపు మందగించిన మన ఇంటి పెద్దలు ఎంతమంది ఆ లెక్కలో చేరారో ఆ పైవాడికి తెలియాలి.

మన పురాణాలలో మాత్రం ఈ ఏర్పాటు ముందే ఉంది. ధృతరాష్ట్రుడికి యుద్ధం వినిపించడానికి సంజయుణ్ణి పెట్టారు. అక్కడ ఎవరూ "పాపం, ముసలాయన" అని జాలిపడి ఆ పని చేయలేదు. రాజుకు తెలియాలి, తెలిపేవాడు కావాలి, అంతే. సంజయుడు మధ్య మధ్య రాజును చీవాట్లు పెట్టాడు. మ్యూజియం సంజయుడు ఆ పని మాత్రం చేయకుంటే చాలు.

"ఢిల్లీ వారికి డబ్బుంటుంది, మనకెక్కడిది?" అనే మాట నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. లెక్క వేయండి. మాటబొమ్మకు కావలసింది చూసి రాయగల ఒక మనిషి, వినిపించి తప్పులు దిద్దించుకోవడానికి చూపులేని ఒక మనిషి, చదవడానికి ఒక మంచి గొంతు. వినే యంత్రం ఈనాడు చాలామంది జేబులోనే ఉన్నది. వస్తువు పక్కన గళ్లగళ్ల కోడు కాగితం ఒకటి అతికిస్తే ఫోను దాన్ని చూసి మాట్లాడుతుంది. ఆ కాగితం ఎక్కడుందో చేతికి తెలిసేటట్లు, ప్రతి వస్తువు దగ్గరా ఒకే ఎత్తులో, చుట్టూ గరుకు అంచు పెట్టి అతికించాలి. లేకపోతే అది కళ్లున్నవారికే పనికి వస్తుంది.

మొన్నటిదాకా మా మెదక్ జిల్లాలో ఉండి, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి పోయిన కొండాపురం ఉన్నది. 1940లలో హైదరాబాదు రాజ్యపు పురావస్తుశాఖ వారు అక్కడ తవ్వితే శాతవాహనుల నాటి ఊరు బయటపడింది. నాణాలు, పూసలు, కాల్చిన మట్టిబొమ్మలు దొరికాయి. అక్కడే మ్యూజియం ఉన్నది. ఆ మట్టిబొమ్మలు చాలావరకు అచ్చులో పోసి తీసినవి. అచ్చులో పుట్టిన బొమ్మకు ఇంకొక అచ్చు తీయడం మన కుమ్మరికి పెద్ద పనా? రెండు వేల యేళ్ల నాటి కుమ్మరి బొమ్మను నేటి కుమ్మరి మళ్లీ చేసి ఇస్తే, దాన్ని చేతిలో పట్టుకొని, తెలుగులో నాలుగు మాటలు వింటూ నిలబడడానికి ఎంతమంది పిల్లలు వస్తారో! ఇది నా ఊహ. ఊహించడానికి టిక్కెట్టు అక్కర్లేదు గదా.

ఊహలు కట్టిపెట్టి, చేతనైన పని ఒకటి చేద్దామని మా ఊళ్లోనే మొదలుపెట్టాను. మెదక్ చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. కరవు రోజుల్లో జనానికి పని కల్పించి కూడు పెడుతూ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కట్టించిన కట్టడం. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. గోపురం 175 అడుగుల దాకా ఉంటుంది. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. లండనుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ వాటిని రూపొందించాడు. బలిపీఠం వెనకది క్రీస్తు స్వర్గారోహణం, 1927 నాటిది. ఒక పక్కది జననం, 1947. ఇంకొక పక్కది సిలువ, 1958.

మా విద్యార్థికి ఆ చర్చి అరికాళ్లతో తెలుసు. చిన్నప్పటినుంచి క్రిస్మస్‌కు అమ్మతో వస్తున్నాడు. నేల మీది నున్నటి పలకలు ఎక్కడ మొదలవుతాయో, గొంతు ఏ చోట ఎలా మారుమోగుతుందో నాకు చెప్పాడు. కిటికీల సంగతి అడిగితే, "రంగులున్నయి, మస్తుగుంటయి అంటరు సార్ అందరు" అన్నాడు. ఇరవై యేళ్లలో అతనికి అందిన వర్ణన అంతే.

ఒక ఉదయం ఎండ పడుతుండగా ఇద్దరం వెళ్లాం. నేను సిద్ధమై వచ్చాను. మొదట కిటికీ ఎంత ఉందో చెప్పాను. "ఇది ఒకటే అద్దం కాదు. వందలాది చిన్న చిన్న రంగు ముక్కలను ఒక్కొక్కటిగా పక్కపక్కన చేర్చి అతికించారు, బొంతకు గుడ్డపేలికలు కుట్టినట్లు. వెనక నుంచి ఎండ పడితేనే బొమ్మ తెలుస్తుంది. పొద్దు గూకితే నల్లటి గోడే" అన్నాను. కింద శిష్యులు ఉన్నారన్నాను. పైన క్రీస్తు ఉన్నాడన్నాను. నా మట్టుకు నేను బాగానే చెబుతున్నాననుకొన్నాను.

"కింద ఉన్నోళ్లు ఎటు చూస్తున్నరు సార్?"

నేను గతుక్కుమన్నాను. ఆ ప్రశ్న నేను ముందే విన్నాను. ముప్ఫై అయిదేళ్ల కిందట విన్నాను.

మా నాయనమ్మకు శుక్లాలు వచ్చి కళ్లు పోయాయి. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇంటికి వారపత్రిక వచ్చిన రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ధారావాహిక చదివించుకునేది. కథ సగంలో ఆపి అడిగేది: "బొమ్మేసిన్రారా?" "ఏసిన్రు నానమ్మా." "ఏమున్నది?" "పిల్ల నిలబడ్డది." "యాడ?" "కిటికీ కాడ." "ఎటు చూస్తున్నది?" "బయటికి, బాట దిక్కు." "చేతుల ఏమున్నది?" "ఉత్తరం." అప్పుడామె నిట్టూర్చి, "అయితే వాడు రాడు బిడ్డా" అనేది. మరుసటి వారం చదివితే వాడు నిజంగానే వచ్చేవాడు కాదు. చిత్రకారుడు పెట్టిన గుట్టును చూపులేని ఆమె నాకంటె ముందు పట్టేసేది. నేను చేసిందల్లా ఉన్నది ఉన్నట్లు చెప్పడం.

తొమ్మిదేళ్ల వయసులో నాకు ఆ విద్య వచ్చు. ఎమ్మే చేసి పోగొట్టుకున్నాను.

చర్చిలో తల పైకెత్తి నిజంగా చూశాను. పదిహేనేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, చుట్టాలు వచ్చిన ప్రతిసారీ ఈ కిటికీ చూపిస్తున్నాను. ఎవరు ఎటు చూస్తున్నారో ఒక్కనాడూ చూడలేదు. ఒక్కొక్క ముఖాన్నే వరుసగా చూసుకుంటూ, ఎవరిది ఎటు తిరిగి ఉన్నదో, ఎవరి చేతులు ఎక్కడున్నాయో చెబుతూ వచ్చాను. అతను తల అటే ఎత్తి విన్నాడు. మా ఇద్దరికీ ఆ కిటికీ ఆ ఉదయమే కనిపించింది. ఎవరు ఎవరికి చూపించారంటే నేను చెప్పలేను.

ఆ మూడు కిటికీల మాటబొమ్మలనూ ఇప్పుడు రాస్తున్నాం. నేను చూసి చెబుతాను, అతను అడ్డుపడతాడు, మా నలభై రెండు మార్కుల అమ్మాయి చదువుతుంది. ఆమె గొంతు బాగుంటుంది. ఈసారి వర్ణనల ప్రశ్నకు ఆమెకు ఎన్ని మార్కులు వేయాలన్నది నాకు పట్టుకున్న పెద్ద చిక్కు.

ఈ పేజీ తిప్పితే ధారావాహిక వస్తుంది. దానికొక బొమ్మ ఉంటుంది. మీ ఇంట్లో చూపు ఆనని పెద్దవారెవరైనా ఉంటే, పక్కన కూర్చోండి. కథ చదవబోయే ముందు బొమ్మ చెప్పండి. అందంగా ఉన్నదని మాత్రం అనకండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, చేతిలో ఏమున్నదో, ఎటు చూస్తున్నారో చెప్పండి. మిగతాది వారు చూసుకుంటారు.